స్కీ రిసార్ట్‌కి అడ్వాన్స్ కట్టే ముందు: అక్కడ నిజంగా ఏముందో ఎలా తేల్చుకోవాలి

నవంబరు వచ్చిందంటే నా ఫోన్‌కి ప్యాకేజీల ఫొటోలు రావడం మొదలవుతుంది. పటమటలో మా అపార్ట్‌మెంట్ వాళ్ళు, గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా వదిన, ఆవిడ స్నేహితురాళ్ళు, అందరూ అడిగేది ఒకటే. "ఈ రిసార్ట్ బాగుంటుందా? స్కీయింగ్ కూడా ఉందట." ఫొటోలో చెక్క గది, హీటర్, రాత్రి చలిమంట, కిటికీలోంచి తెల్లటి కొండ కనిపిస్తాయి. కింద చిన్న అక్షరాల్లో "స్కీయింగ్" అన్న ఒక్క మాట ఉంటుంది.

మనకి రిసార్ట్ అంటే కాటేజీ, స్విమ్మింగ్ పూల్, భోజనం. సూర్యలంక బీచ్‌కి వెళ్ళేటప్పుడు ఆ లెక్క సరిపోతుంది. స్కీయింగ్ అంటే కాళ్ళకి స్కీలు అనే పొడవాటి పలకలు తగిలించుకుని మంచు వాలు మీద జారడం. అందుకే స్కీ రిసార్ట్ విషయంలో గది ఒక భాగమే. జారే వాలు, పైకి తీసుకెళ్ళే లిఫ్ట్, నేర్పే మనిషి, అద్దెకిచ్చే సామాను, దెబ్బ తగిలితే కిందికి దించే ఏర్పాటు, ఇవన్నీ కలిస్తేనే స్కీ రిసార్ట్. మన దేశంలో ఇవి చాలాచోట్ల హోటల్ వాళ్ళ చేతిలో ఉండవు. వాలు ఒకరిది, లిఫ్ట్ ఇంకొకరిది, నేర్పేవాళ్ళు వేరే. కాబట్టి హోటల్‌కి ఉన్న స్టార్లు చూసి డబ్బు కడితే, వాలు గురించి ఏమీ తెలుసుకోకుండానే కట్టినట్టు.

మేం మొదటిసారి మనాలి దగ్గరున్న సోలంగ్ వెళ్ళినప్పుడు ఇదే జరిగింది. ప్యాకేజీలో స్కీయింగ్ కలిపే ఉందన్నారు. తీరా వెళ్తే ఒకతను మా పిల్లలకి స్కీలు తగిలించి, చెయ్యి పట్టుకుని ఇరవై అడుగులు నడిపించి, ఫొటో తీసి, "అయిపోయింది" అన్నాడు. పిల్లలు వారం ముందునుంచీ ఎదురుచూసిన రోజు అది. అప్పటినుంచి ఎవరు అడిగినా ఈ కింద రాసిన పద్ధతే చెబుతున్నాను.

కావలసినవి

ఒక నోటుపుస్తకం, రెండు సాయంత్రాల తీరిక, హిందీ ధారాళంగా మాట్లాడే ఒక మనిషి. హిందీ మీకు రాకపోతే ఢిల్లీ వైపు పనిచేసి వచ్చిన బంధువులెవరైనా ఉంటారు, వాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి. వెళ్తున్నవాళ్ళ వయసు, బరువు, ఎత్తు, మోకాళ్ళ నొప్పులు, బీపీ, గుండె సమస్యలు ఒక పేజీలో రాసిపెట్టుకోండి. ఈ పేజీ చాలాసార్లు పనికొస్తుంది.

1. ముందు మీవాళ్ళని లెక్కపెట్టండి

ఆరుగురు వెళ్తుంటే స్కీయింగ్ నిజంగా నేర్చుకునేది ఎంతమంది? సాధారణంగా ఇద్దరు. ఇంకో ఇద్దరు మంచులో ఆడుకుంటే చాలనుకుంటారు. మిగిలిన పెద్దవాళ్ళు చూసి, ఫొటో దిగి, వెచ్చగా కూర్చోవాలనుకుంటారు. ఈ మూడు రకాల వాళ్ళకీ విడివిడిగా ఏముందో అడగాలి. ఎవరూ స్కీయింగ్ నేర్చుకోని కుటుంబం స్కీ ప్యాకేజీకి ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదు. మామూలుగా మనాలి వెళ్ళి, మంచు ఎక్కడ పడితే అక్కడికి ఒక పూట టాక్సీలో వెళ్ళిరావచ్చు.

2. చోటు ఎంచుకోండి

మనవాళ్ళు ఎక్కువగా అడిగేవి మూడు. కాశ్మీర్‌లో గుల్మార్గ్ దాదాపు 2,650 మీటర్ల ఎత్తులో ఉంటుంది, శ్రీనగర్ నుంచి 50 కిలోమీటర్లు. ఉత్తరాఖండ్‌లో జోషీమఠ్ పైన ఔలి. హిమాచల్‌లో మనాలికి దగ్గరలో సోలంగ్. గంభీరంగా స్కీయింగ్ చేసేవాళ్ళకి వీటిలో గుల్మార్గ్‌దే పైచేయి. నేర్చుకోవడానికి ఔలి వాలు చాలా బాగుంటుంది, కానీ రిషికేశ్ నుంచి ఒక రోజంతా ఘాట్ రోడ్డు ప్రయాణం. కారులో వాంతులయ్యే పిల్లలుంటే అది గుర్తుపెట్టుకోండి. సోలంగ్‌కి చేరడం తేలిక, జనం ఎక్కువ.

ఔలి గురించి ఒక హెచ్చరిక. జోషీమఠ్ నుంచి ఔలికి వెళ్ళే పొడవాటి రోప్‌వేని 2023 జనవరిలో, అక్కడ నేల కుంగి ఇళ్ళు బీటలువారినప్పుడు ఆపేశారు. అంతకుముందు తీసిన వీడియోలు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. ఏ చోటి వీడియో అయినా, ముందు దాని తేదీ చూడండి.

3. మంచు సంగతి తేల్చండి

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే, అందుకే కొంచెం వివరంగా చెబుతాను.

మన భాషలో ఒక చిక్కుంది. లంబసింగిలో పొద్దున్నే కమ్మేదీ మంచే, గడ్డి మీద బిందువులూ మంచే, ఆకాశంలోంచి రాలేదీ మంచే, రోడ్డు మీద గాజులా గడ్డకట్టేదీ మంచే. ఫోన్ చేసి "మంచు ఉందా?" అంటే అవతలివాళ్ళు "ఉంది" అంటారు. రోడ్డు పక్కన నీడలో మిగిలిన గట్టి ముద్ద ఉన్నా అది అబద్ధం కాదు. మీరు అడగాల్సింది ఇలా: "కొత్తగా నేర్చుకునేవాళ్ళు జారే వాలు మీద ఈరోజు ఎన్ని అంగుళాల మంచుంది? ఆఖరిసారి ఏ తేదీన పడింది? మధ్యలో మట్టి, రాళ్ళు కనిపిస్తున్నాయా?" వీటికి జవాబు చెప్పగలిగినవాళ్ళు వాలు చూసి వచ్చినవాళ్ళు. చెప్పలేనివాళ్ళు ఆఫీసులో కూర్చున్నవాళ్ళు.

తేదీల విషయానికొస్తే, క్రిస్మస్ సెలవులకి మంచు ఖాయం అనుకోవద్దు. ఉత్తరాదికి చలికాలంలో మంచు తెచ్చేవి పడమటి నుంచి వచ్చే గాలివానలు. అవి ఏ వారం వస్తాయో ఎవరి చేతిలోనూ లేదు. 2024 జనవరిలో చాలా రోజులు గుల్మార్గ్ బయళ్ళు మంచులేక గోధుమరంగులో కనిపించాయి. 2025లో అక్కడ ఫిబ్రవరిలో జరగాల్సిన ఖేలో ఇండియా చలికాలపు ఆటలు మంచు చాలక మార్చికి వాయిదాపడ్డాయి. నేనైతే జనవరి చివరినుంచి ఫిబ్రవరి నెలాఖరులోపు చూసుకోమంటాను. పిల్లల పరీక్షలు అడ్డమైతే సంక్రాంతి సెలవులే మనకి మిగిలేవి. అప్పుడైనా డిసెంబరు చివరివారం కన్నా నయం.

మంచుందో లేదో ఇంట్లో కూర్చుని చూసుకునే దారులు రెండున్నాయి.

ఒకటి, ఉపగ్రహ చిత్రం. కోపర్నికస్ బ్రౌజర్ అన్న సైట్‌లో ఉచితంగా చూడొచ్చు. దాదాపు ఐదురోజులకోసారి కొత్త చిత్రం వస్తుంది. ఊరు వెతికి, ఆఖరి రెండు చిత్రాలు పక్కపక్కన పెట్టి చూడండి. మబ్బూ తెల్లగానే ఉంటుంది, మంచూ తెల్లగానే ఉంటుంది. రెండు చిత్రాల్లోనూ అదే చోట తెల్లగా ఉంటే అది మంచు. చోటు మారితే మబ్బు.

రెండోది, చిన్న లెక్క. పైకి వెళ్ళేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకి దాదాపు 6.5 డిగ్రీలు తగ్గుతుంది. శ్రీనగర్ ఎత్తు సుమారు 1,600 మీటర్లు. అంటే గుల్మార్గ్ ఇంకో వెయ్యి మీటర్లు పైన ఉంది. శ్రీనగర్‌లో 5 డిగ్రీలు, వాన అని ఉంటే గుల్మార్గ్‌లో సున్నా కింద ఉంటుంది, అక్కడ మంచు పడుతున్నట్టే. శ్రీనగర్‌లో 12 డిగ్రీలు, వాన అని ఉంటే జాగ్రత్త. పైన కూడా వానే పడి ఉన్న మంచు పాడవ్వచ్చు. ఇది అంచనా మాత్రమే, కానీ హోటల్ వాళ్ళ "ఫుల్ మంచు సార్" కన్నా నమ్మకమైనది.

వాలు ఏ దిక్కుకి ఉందో కూడా మ్యాప్‌లో చూడండి. ఉత్తరం వైపు వాలిన కొండకి ఎండ తక్కువ తగులుతుంది, మంచు ఎక్కువ రోజులు నిలుస్తుంది. దక్షిణం వైపు వాలు మధ్యాహ్నానికి గుజ్జుగా మారి, మర్నాడు పొద్దున్నే గట్టిపడి జారుతుంది.

4. నేర్చుకునేవాళ్ళ వాలు ఎలా ఉందో అడగండి

రిసార్ట్ గొప్పగా చెప్పుకునేది ఎత్తైన శిఖరం. మీ మూడురోజులూ గడిచేది కింద, చిన్న వాలు మీద. కాబట్టి దాని గురించే అడగండి. ఆరడుగులు ముందుకి వెళ్తే ఒక అడుగు దిగేంత వాలు కొత్తవాళ్ళకి చాలు. కింద చదునుగా, ఖాళీగా ఉండాలి, జారుతూ వచ్చినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే ఆగిపోవాలి. అక్కడే గుర్రాలు, మంచు మీద లాగే స్లెడ్జి బండ్లు, ఫొటోగ్రాఫర్లు తిరుగుతుంటే నేర్చుకోవడం కష్టం, ప్రమాదం కూడా. నిన్నటి వీడియో ఒకటి, మధ్యాహ్నం 12 గంటలకి తీసింది పంపమనండి. పొద్దున 8కి తీసిన వీడియోలో ఏ వాలైనా ప్రశాంతంగానే ఉంటుంది.

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళి అక్కడ స్కీయింగ్ చూడాలనుకునేవాళ్ళకి ఒక మాట. అక్కడ దారులకి గుర్తులుంటాయి. ఆకుపచ్చ వృత్తం తేలిక, నీలం చదరం మధ్యరకం, నల్ల డైమండ్ కష్టం. యూరప్‌లో నీలం తర్వాత ఎరుపు, ఆపైన నలుపు. ఈ గుర్తులు ఆ కొండలోని దారుల్ని ఒకదానితో ఒకటి పోల్చి పెట్టినవి. ఒకచోట నీలం దారి దిగగలిగితే ఇంకోచోట నీలం కూడా అంతే తేలిక అనుకోకూడదు. టికెట్ అప్పటికప్పుడు కౌంటర్లో కొంటే ధర బాగా ఎక్కువ, వారాల ముందే ఆన్‌లైన్‌లో తీసుకోమని పిల్లలకి చెప్పండి.

5. లిఫ్ట్ ఉందా, నడుస్తోందా

లిఫ్ట్ లేకపోతే స్కీలు భుజానేసుకుని మీరే ఎక్కాలి. బూట్లు బరువు, గాలి పలచన. రెండుసార్లు ఎక్కేసరికి మన ప్రాణం అయిపోతుంది. అందుకే చిన్న వాలుకి లిఫ్ట్ ఉందా, ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ఆపుతారు, వారంలో సెలవేనాడు, ఇవి రాసుకోండి.

గుల్మార్గ్‌లో గొండోలా అనే కేబుల్ కార్ రెండు దశలు. మొదటిది కొంగ్‌డూరి దాకా, సుమారు 3,080 మీటర్లు. రెండోది అఫర్వత్ కొండ భుజం దాకా, దాదాపు 3,950 మీటర్లు. రెండింటికీ టికెట్లు వేరు. సీజన్‌లో త్వరగా అయిపోతాయి, ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి. "గొండోలా కలిపి" అన్న ప్యాకేజీలో ఏ దశో అడగండి, ఎక్కువగా మొదటిదే ఉంటుంది. గాలి ఎక్కువైతే పైదశ ఆపేస్తారు. అది మీ మేలుకే, దానిమీద గొడవపడొద్దు.

మన విజయవాడ దాదాపు సముద్రమట్టంలో ఉన్న ఊరు. చేరిన రోజే అంత పైకి వెళ్తే తలనొప్పి, వికారం రావచ్చు. ఒక రాత్రి గుల్మార్గ్‌లో నిద్రపోయి మర్నాడు వెళ్ళండి. గుండె జబ్బు, ఊపిరితిత్తుల సమస్య ఉన్నవాళ్ళు ఇక్కడ డాక్టర్‌ని అడిగాకే టికెట్ కొనాలి.

6. నేర్పే మనిషి, అద్దె సామాను

నా లెక్కలో గది కన్నా ఇది పదిరెట్లు ముఖ్యం.

నేర్పేవారి విషయంలో అడగాల్సినవి: ఒకరి కింద ఎంతమంది? ఎన్ని గంటలు? అదే మనిషి మూడురోజులూ ఉంటారా? టూరిజం శాఖ ఇచ్చిన గుర్తింపు కార్డు ఉందా? నలుగురు కన్నా ఎక్కువమందిని ఒక్కరికి అప్పగిస్తే మీకు వచ్చేది నిలబడి వంతుకోసం చూడటమే. ఒకేరోజు ఆరుగంటలు కన్నా మూడురోజులు రెండేసి గంటలు మేలు. మొదటిరోజు సాయంత్రానికి తొడలు రాయిలా బిగుసుకుపోతాయి.

సీరియస్‌గా నేర్చుకోవాలనుకునే కాలేజీ పిల్లలుంటే ప్యాకేజీ మానేసి కోర్సుకి పంపండి. గుల్మార్గ్‌లో కేంద్ర ప్రభుత్వపు స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ ఉంది. మనాలిలో అటల్ బిహారీ వాజ్‌పేయి పేరుతో ఉన్న పర్వతారోహణ సంస్థ స్కీయింగ్ కోర్సులు నడుపుతుంది. ఔలిలో గఢ్వాల్ మండల్ వికాస్ నిగమ్ నేర్పిస్తుంది. సీట్లు త్వరగా నిండుతాయి కాబట్టి చలికాలానికి చాలాముందే అప్లై చేయాలి.

ఇక సామాను. దారిలో అద్దెకిచ్చే కోటు, గమ్ బూట్లు మంచులో నడవడానికి. వాటికీ స్కీ సామానుకీ సంబంధం లేదు. "సామాను కలిపి" అంటే ఏది కలిపో రాయించుకోండి: స్కీలు, స్కీ బూట్లు, కర్రలు, హెల్మెట్, కళ్ళద్దాలు. హెల్మెట్ ఇవ్వనిచోట పిల్లల్ని స్కీలు ఎక్కించొద్దు.

అద్దె షాపు మంచిదో కాదో ఇలా తెలుస్తుంది. పడినప్పుడు బూటు స్కీ నుంచి ఊడిపోవాలి, లేకపోతే మోకాలు మెలిపడుతుంది. అది ఎంత బలానికి ఊడాలో మనిషి బరువు, ఎత్తు, బూటు పొడవు, అనుభవం బట్టి స్క్రూ తిప్పి సరిచేస్తారు. మీ బరువు అడగకుండా స్కీలు చేతిలో పెట్టే షాపులోంచి బయటికి వచ్చేయండి. బూటు వేసుకుని నిటారుగా నిలబడితే బొటనవేలు ముందు అంచుకి కాస్త తగలాలి, మోకాళ్ళు వంచితే వెనక్కి జరగాలి. మడమ పైకి లేవకూడదు. చలికని రెండుజతల సాక్సులు వేసుకోవడం మనవాళ్ళందరూ చేసే తప్పు. బూటు బిగిసి రక్తం సరిగ్గా ఆడక కాళ్ళు ఇంకా చల్లబడతాయి. పొడవాటి ఊలు సాక్సు ఒక్కటి చాలు. బీసెంట్ రోడ్డులో కొన్న స్వెట్టర్ లోపలికి పనికొస్తుంది కానీ పైన నీళ్ళు దిగని జాకెట్, ప్యాంటు ఉండాలి. జీన్స్ వేసుకుంటే రెండుసార్లు పడేసరికి తడిసి ముద్దవుతుంది.

7. దెబ్బ తగిలితే ఏం చేస్తారు

అడగడానికి ఎవరూ ఇష్టపడని ప్రశ్న. అయినా అడగండి: వాలు మీద స్ట్రెచర్ ఉందా, దించే మనుషులున్నారా, ఎక్స్‌రే తీసే ఆసుపత్రి ఎంత దూరం, మంచు పడి రోడ్డు మూసుకుపోతే ఏం చేస్తారు. ట్రావెల్ ఇన్సూరెన్స్ కాగితంలో "సాహస క్రీడలకి వర్తించదు" అన్న వాక్యం చాలాసార్లు ఉంటుంది, వెతికి చూడండి.

కొండచరియల్లా మంచు కూలడం గుల్మార్గ్‌లో నిజమైన ప్రమాదం. 2023 ఫిబ్రవరిలో అఫర్వత్ వాలు మీద ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ అలాగే చనిపోయారు. 30 నుంచి 45 డిగ్రీల వాలు మీద ఇది ఎక్కువ. నేర్చుకునే వాలు అంత నిటారుగా ఉండదు. "పైకి తీసుకెళ్తా, అక్కడ జనం ఉండరు, బాగుంటుంది" అని ఎవరైనా అంటే మాత్రం వద్దనండి.

8. స్కీయింగ్ చేయనివాళ్ళకి

వెచ్చగా కూర్చునే చోటు, శుభ్రమైన బాత్రూమ్, వేడినీళ్ళు, వాలు దగ్గరే ఉన్నాయా? పెద్దవాళ్ళు మూడుగంటలు మంచులో నిలబడి ఎదురుచూడలేరు. స్లెడ్జి, కేబుల్ కార్, గుర్రం ధరలు హోటల్‌ని ముందే అడిగి రాసుకుంటే అక్కడ బేరం తేలికవుతుంది. భోజనం పెద్ద సమస్య కాదు. ఒక సీసా ఆవకాయ, కందిపొడి పట్టుకెళ్ళండి, అన్నం అన్నిచోట్లా దొరుకుతుంది.

9. దారి, ఫోన్, కరెంటు

మంచు ఎక్కువ పడ్డ రోజు మీ టాక్సీ గుల్మార్గ్‌కి కింద ఉన్న తంగ్‌మార్గ్ ఊళ్ళోనే ఆగిపోతుంది. అక్కడినుంచి గుల్మార్గ్‌కి చక్రాలకి గొలుసులు కట్టిన వేరే బండి, వేరే డబ్బు. అది ఎవరు కట్టాలో ముందే తేల్చండి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ జమ్మూకాశ్మీర్‌లో పనిచేయదు. ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. గదిలో హీటర్ కరెంటుతో నడిచేదా, కరెంటు పోతే జనరేటర్ రాత్రంతా వేస్తారా అని అడగండి. తిరుగు విమానానికి ముందు ఒకరోజు శ్రీనగర్‌లో ఖాళీగా ఉంచుకోండి, మంచుకి విమానాలు రద్దవడం అక్కడ మామూలే.

10. జవాబులు సరిచూసుకోండి

ఇవే ప్రశ్నలు ఇద్దరు వేర్వేరు మనుషుల్ని అడగండి. ఒకరు మీకు ప్యాకేజీ అమ్మేవారు, ఇంకొకరు డబ్బుతో సంబంధం లేనివారు, ఉదాహరణకి అక్కడి వేరే హోటల్ రిసెప్షన్, లేదా పోయిన వారం వెళ్ళొచ్చిన మనిషి. మంచు లోతు, లిఫ్ట్ సమయం, నేర్పే గంటలు, ఈ మూడింటిలో రెండు కలవకపోతే ఆ ప్యాకేజీ వదిలేయండి. మిగతావి కాస్త తేడా వచ్చినా ఫరవాలేదు. మంచు లేకపోతే ఎంత వెనక్కిస్తారో, ఎన్నిరోజుల ముందు చెప్పాలో వాట్సాప్‌లో రాతపూర్వకంగా తీసుకున్నాకే అడ్వాన్స్ పంపండి. నోటిమాట మీద నేనొకసారి పోగొట్టుకున్నాను.

వెళ్ళే ముందు ఒక నెలైనా రోజూ మెట్లెక్కండి. దుర్గమ్మ కొండ మెట్లు, మంగళగిరి మెట్లు, మీకు ఏది దగ్గరైతే అది. ఎక్కడం కన్నా నెమ్మదిగా దిగడం తొడలకి మంచి సాధన. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఇది చేయొద్దు.

చేరాక, మొదటిరోజు

సామాను గదిలో పెట్టి, టీ తాగి, నేరుగా వాలు దగ్గరికి వెళ్ళండి. నోటుపుస్తకంలో రాసుకున్నవి కళ్ళతో చూసి టిక్కు పెట్టండి. చిన్న లిఫ్ట్ తిరుగుతోందా, మట్టి కనిపిస్తోందా, నేర్పేవాళ్ళు తమ గుంపుని చూస్తున్నారా లేక ఫోన్ చూస్తున్నారా. అద్దె సామాను ఆ సాయంత్రమే వేసుకుని సరిచూడండి, పొద్దున్నే షాపులో రద్దీ ఎక్కువ, తొందరలో దొరికింది ఇచ్చేస్తారు.

మొదటి రెండుగంటల పాఠం అయ్యాక మూడు సంగతులు చూసుకోండి. స్కీల ముందు కొసలు దగ్గరికి, వెనక కొసలు దూరంగా పెట్టి మీ అంతట మీరు ఆగగలుగుతున్నారా? పడితే ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేవగలుగుతున్నారా? ఎలా పడాలో కూడా చెప్పారా? ఈ మూడూ ఉంటే రెండోరోజు కుడి, ఎడమ తిరగడం వస్తుంది. మొదటిరోజంతా తాడుపట్టి లాగించి, ఫొటోలు తీసి పంపేస్తే, ఆ రాత్రే హోటల్ వాళ్ళకి చెప్పి మర్నాటికి వేరే మనిషిని మాట్లాడుకోండి. అప్పటికింకా రెండురోజులు మీ చేతిలో ఉంటాయి.